ఎకనామిక్స్ పీహెచ్‌డీనా, పబ్లిక్ పాలసీనా, జేఆర్‌ఎఫ్‌తో హైదరాబాదా? ఏప్రిల్ 15 లోపల తేల్చాలె

హన్మకొండ లెక్చరర్ | ఏప్రిల్ 2, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మా దగ్గర ఎంఏ ఎకనామిక్స్ చేసిన అమ్మాయి తరఫున అడుగుతున్న. యూనివర్సిటీల పేర్లు రాస్తలేను, ఆమె వద్దన్నది. మిగతా వివరాలన్నీ ఉన్నదున్నట్టు పెడుతున్న.

ఏ: అమెరికా తూర్పు తీరంల పెద్ద నగరం. పబ్లిక్ పాలసీ పీహెచ్‌డీ. ఏడాదికి 36,000 డాలర్లు, 12 నెలలూ ఇస్తరు, ఐదేండ్లకు హామీ. ఫీజులు, ఇన్సూరెన్స్ వాళ్లవే. మొదటి ఏడాది పని లేదు, రెండో ఏడాది నుంచి వారానికి 20 గంటలు ఆర్‌ఏ (ప్రొఫెసర్ పరిశోధనల సాయం) లేకుంటే టీఏ (క్లాసులు నడుపుట్ల సాయం).

బీ: మిడ్‌వెస్ట్‌ల చిన్న ఊరు, స్టేట్ యూనివర్సిటీ. ఎకనామిక్స్ పీహెచ్‌డీ. 27,000 డాలర్లు, 9 నెలలకే. ట్యూషన్ మాఫీ. ఏటా ఫీజులు 1,800, ఇన్సూరెన్స్ వాటా 1,500 స్టూడెంటే కట్టుకోవాలె. మొదటి సెమిస్టర్ నుంచే టీఏ.

సీ: హైదరాబాద్‌ల పీహెచ్‌డీ సీటు. ఆమెకు నెట్‌ల (లెక్చరర్ అర్హత పరీక్ష) జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, పరిశోధనకు నెలనెలా ఇచ్చే డబ్బు) వచ్చింది.

ఆసక్తి వ్యవసాయం మీద: పత్తి ధరలు, రైతుకు నేరుగా డబ్బులిచ్చే పథకాలు. డిగ్రీల మ్యాథ్స్ ఉన్నది, రియల్ అనాలిసిస్ (నిరూపణల గణితం) ఒక పేపర్ చదివింది. డేటా సాఫ్ట్‌వేర్లల్ల స్టాటా వచ్చు, ఆర్ కొంచెం వచ్చు. చదువు అయినంక తెలంగాణకే వచ్చి యూనివర్సిటీలనో పరిశోధన సంస్థలనో చేరాలని ఉన్నది. ఇంట్ల వాళ్లేమో "36 వేలు ఎక్కడ, 27 వేలు ఎక్కడ, ఇంక అడిగేదేంది" అంటున్నరు.

ఐ20 అక్క | ఏప్రిల్ 2, రాత్రి 10:25

సార్, ముందు ఇంట్లో వాళ్ల లెక్క సరిచేద్దాం. ఈ రెండింటికీ తేడా 9 వేలు కాదు.

బీలో 27,000 నుంచి ఫీజు, ఇన్సూరెన్స్ కలిపి 3,300 తీసేయండి. తర్వాత రెండుచోట్లా ఫెడరల్ పన్ను. ఇండియా, అమెరికాల మధ్య ఉన్న పన్ను ఒప్పందం 21వ ఆర్టికల్ వల్ల మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది. వేరే దేశాల విద్యార్థుల్లో చాలామందికి ఈ వెసులుబాటు లేదు. 2025 ఆదాయానికి ఆ డిడక్షన్ 15,750 డాలర్లు. దాని పైన మిగిలినదాంట్లో మొదటి 11,925 మీద 10 శాతం, ఆపైన 12 శాతం. అంటే బీలో పన్ను 1,125, ఏలో 2,190 చిల్లర.

ఏలో చేతికొచ్చేది ఏడాదికి 33,808. నెలకు 2,817.
బీలో 22,575. పన్నెండు నెలలకు పంచితే 1,881.

ఇక అద్దె. పెద్ద నగరంలో ఇంకొకరితో కలిసి ఉన్నా ఒక గదికి 1,500 అనుకోండి, మిడ్‌వెస్ట్ చిన్న ఊళ్లో 700. అద్దె పోను ఏలో 1,317, బీలో 1,181. నెలకు 136 డాలర్ల తేడా. రాష్ట్ర పన్ను నేను కలపలేదు, అది కొన్ని రాష్ట్రాల్లో అసలే ఉండదు. అద్దె అంకెలు నా ఊహే. యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో "ఆఫ్-క్యాంపస్ హౌసింగ్" పేజీ చూసి మీ అంకెలు వేసుకోండి, మిగతా లెక్క ఇదే పద్ధతి.

బీలో అసలు ఇబ్బంది మొత్తం దగ్గర లేదు, నెలల దగ్గర ఉంది. మే మధ్యలో జీతం ఆగితే మళ్లీ వచ్చేది సెప్టెంబర్ చివర్లో. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద బయట పని చెయ్యలేరు. సెలవుల్లో క్యాంపస్‌లో మాత్రం 20 గంటలు దాటి పని చెయ్యొచ్చు, అదీ పని దొరికితే. సరిగ్గా ఆ జూన్‌లోనే ప్రిలిమ్స్‌కు (మొదటి ఏడాది చివర తప్పక పాసవ్వాల్సిన పరీక్షలు) చదవాలి. అందుకే బీ వాళ్లకు రాయాల్సిన మొదటి ప్రశ్న: "గత మూడేళ్లలో మొదటి ఏడాది విద్యార్థుల్లో ఎంతమందికి సమ్మర్ డబ్బు దొరికింది, ఎంత?" "సమ్మర్ ఫండింగ్ ఉంటుందా" అని అడిగితే "సాధారణంగా ఉంటుంది" అని జవాబొస్తుంది. ఆ మాటతో అద్దె కట్టలేం. ఎంతమందికి, ఎన్ని డాలర్లు అని అడగాలి.

ఆఫర్ లెటర్‌లో "సంతృప్తికరమైన పురోగతి ఉంటే" అనే వాక్యం రెండుచోట్లా ఉండే ఉంటుంది. దానికి నిర్వచనం ఏ హ్యాండ్‌బుక్‌లో ఉందో అడిగి ఆ పీడీఎఫ్ తెప్పించుకోండి. కొన్నిచోట్ల బీ-ప్లస్ గ్రేడు సగటు చాలు, కొన్నిచోట్ల ప్రిలిమ్ మొదటిసారి తప్పినా స్టైపెండ్ ఆగుతుంది.

మాట్రిక్స్ మల్లన్న | ఏప్రిల్ 2, రాత్రి 11:10

పైసల సంగతి అక్క తేల్చింది. నేను మొదటి ఏడాది గురించే చెప్త.

ఎకనామిక్స్ పీహెచ్‌డీల మొదటి ఏడంటే మైక్రో, మాక్రో, ఎకనామెట్రిక్స్, మూడూ ఏడాది పొడుగుత. ఎండాకాలంల ప్రిలిమ్స్. తప్పితే సాధారణంగ ఆగస్టుల ఇంకోసారి రాయనిస్తరు. అదీ పాయెనా, మాస్టర్స్ పట్టా చేతిల పెట్టి సాగనంపుతరు. ఇది ఎవరి మీద కోపంతోని చేసేది కాదు, ఆ చదువు కట్టిందే అట్ల.

మనోళ్లకు ఎక్కడ దెబ్బ తగులుతదో చెప్త. మన ఎంఏల వినియోగదారుని సమతౌల్యం అంటే బొమ్మ గీసి, బడ్జెట్ రేఖ ఉదాసీనత వక్రరేఖను తాకిన కాడ చుక్క పెట్టి, నాలుగు పేరాలు రాస్తం. అక్కడ అదే పాఠంల "ఈ షరతులుంటే డిమాండ్ ఫంక్షన్ కంటిన్యుయస్ అయితదని నిరూపించు" అంటరు. అర్థం తెలిసినోళ్లు గూడ పేజీ ముందట ఆగిపోతరు. ఎందుకంటే వాళ్లకు నిరూపణ రాసే చెయ్యి అలవాటు లేదు. తెలివితోని సంబంధం లేని సంగతి, రోజూ రాస్తేనే వస్తది.

ఏప్రిల్ నుంచి ఆగస్టు దాక పదహారు వారాలు దొరుకుతయి. ఆరు వారాలు రియల్ అనాలిసిస్: సీక్వెన్సులు, కంపాక్ట్ సెట్లు, కంటిన్యుయిటీ, ఆఖర్ల కాంట్రాక్షన్ మ్యాపింగ్. మాక్రోల బెల్‌మన్ సమీకరణం నిలబడేది ఆ కాంట్రాక్షన్ మీదనే, అందుకే అది ఇడిచిపెట్టొద్దు. నాలుగు వారాలు లీనియర్ ఆల్జీబ్రా: ప్రొజెక్షన్, ఐగెన్ విలువలు, పాజిటివ్ డెఫినిట్. ఓఎల్‌ఎస్ (డేటాకు గీత సరిపెట్టే మామూలు పద్ధతి) అంటే ప్రొజెక్షనే అని ఒక్కసారి తెలిస్తే ఎకనామెట్రిక్స్‌ల సగం భయం పోతది. మూడు వారాలు కున్-టకర్ (షరతుల లోపల గరిష్ఠం వెతికే పద్ధతి), మూడు వారాలు ప్రాబబిలిటీల కండిషనల్ ఎక్స్‌పెక్టేషన్, కన్వర్జెన్స్. రోజుకు మూడు నిరూపణలు పుస్తకం మూసి తెల్లకాగితం మీద రాయాలె. వీడియోలు చూసుడు దీని కింద లెక్కరాదు.

పబ్లిక్ పాలసీ అంటే లెక్కలు తక్కువనుకొని ‘ఏ’ ఆఫర్ తీసుకునేటట్టైతే వద్దు. మంచి పాలసీ ప్రోగ్రాంలల్ల విద్యార్థులు మైక్రో, ఎకనామెట్రిక్స్ పోయి ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్‌లనే కూసొని చదువుతరు. దాని మీద రాజకీయశాస్త్రం, పాలన కోర్సులు అదనం.

కరీంనగర్ కుర్రాడు | ఏప్రిల్ 3, ఉదయం 7:15

ర్యాంకింగ్ చూసి ఏది పైన ఉంటే అది తీసుకుంటే అయిపాయె కదా అన్నా?

మాట్రిక్స్ మల్లన్న | ఏప్రిల్ 3, ఉదయం 7:50

తమ్మీ, ఎకనామిక్స్ ర్యాంకింగ్, పబ్లిక్ పాలసీ ర్యాంకింగ్ వేర్వేరు పట్టికలు. పాలసీ పట్టికలు ఎక్కువగా మాస్టర్స్ కోర్సులను చూసి వేసేవి. 12వ ర్యాంకు పాలసీ స్కూలు, 60వ ర్యాంకు ఎకనామిక్స్ డిపార్ట్‌మెంటు అని పక్కపక్కన పెడితే క్వింటాలును గజంతోని కొలిచినట్టు ఉంటది.

వేయిస్తంభాలు | ఏప్రిల్ 3, ఉదయం 11:30

ఆరేళ్ల తర్వాత ఉద్యోగం వెతుక్కునే డిసెంబర్ నుంచి వెనక్కి నడుచుకుంటూ వస్తే ఈ ఎంపిక కొంత సులువవుతుంది.

ఎకనామిక్స్ పీహెచ్‌డీలకు అమెరికాలో ఒక ఉమ్మడి సంత ఉంది. అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ నడిపే జేఓఈ అనే ప్రకటనల పోర్టల్. ప్రకటనలు ఆగస్టు నుంచి మొదలవుతాయి, నవంబర్‌లో దరఖాస్తులు పోతాయి. ఒక జాబ్ మార్కెట్ పేపర్, మూడు సిఫారసు లేఖలు. మీ మీద నాకు ప్రత్యేకమైన ఆసక్తి ఉందని చెప్పుకోవడానికి ఒక్కో అభ్యర్థికి రెండే రెండు సిగ్నల్స్ ఇస్తారు. తర్వాత వీడియో ఇంటర్వ్యూలు, జనవరి, ఫిబ్రవరిల్లో క్యాంపస్ సందర్శనలు. పాలసీ పీహెచ్‌డీ వాళ్లు కూడా ఇందులో దిగొచ్చు, ఎవరూ ఆపరు. కానీ ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్ల వడపోతలో వాళ్లు నిలబడాలంటే మూడు లేఖల్లో కనీసం రెండు ఆ రంగంలో పేరున్న ఆర్థికవేత్తలవి కావాలి. మరో వైపు చూస్తే, పబ్లిక్ పాలసీ స్కూళ్లే అధ్యాపకులుగా ఎకనామిక్స్ పీహెచ్‌డీలను పెద్ద సంఖ్యలో తీసుకుంటాయి. కాబట్టి ఎకనామిక్స్ పట్టా రెండు గుమ్మాల్లోకీ పోతుంది, పాలసీ పట్టాకు ఒక గుమ్మం సగమే తెరిచి ఉంటుంది.

అమెరికాలో పాలసీ పీహెచ్‌డీలకు పెద్ద యజమాని ప్రభుత్వం. ఫెడరల్ ఉద్యోగాలకు దాదాపుగా అమెరికా పౌరసత్వం కావాలి. ప్రభుత్వ కాంట్రాక్టుల మీద నడిచే సంస్థల్లోనూ చాలాచోట్ల అదే అడ్డు. కాబట్టి ‘ఏ’ ప్రోగ్రాం వాళ్లు పంపే ప్లేస్‌మెంట్ జాబితాలో ఆ రకం పేర్లను కొట్టేసి, భారతీయ పాస్‌పోర్టుతో దొరికే ఉద్యోగాలు ఎన్ని మిగులుతాయో లెక్కపెట్టండి. ప్లేస్‌మెంట్ జాబితాలో ఇంకో కిటుకుంది: ఉద్యోగం వచ్చినవాళ్ల పేర్లే పెడతారు. ఐదారేళ్ల కింద ఎంతమంది చేరారు, ఇప్పటిదాకా ఎంతమంది పట్టా తీసుకున్నారు, ఈ రెండంకెలూ విడిగా అడగాలి.

వీసా సంబంధంగా: ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద సీఐపీ కోడ్ (కోర్సు ఏ వర్గమో చెప్పే నంబరు) చూడండి. 45.0603 అంటే ఎకనామెట్రిక్స్, క్వాంటిటేటివ్ ఎకనామిక్స్. అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉంది. చదువయ్యాక 12 నెలల ఓపీటీ (అక్కడ పని చేసే అనుమతి) మీద ఇంకో 24 నెలలు వస్తాయి. 45.0601, అంటే మామూలు ఎకనామిక్స్, ఆ జాబితాలో లేదు. కోర్సు అదే, పాఠాలు అవే, కోడ్ మారితే రెండేళ్లు మారతాయి. పాలసీ ప్రోగ్రాంకు ఏ కోడ్ పెట్టారో ఇప్పుడే మెయిల్‌లో అడగండి.

విద్యారణ్యపురి | ఏప్రిల్ 3, మధ్యాహ్నం 3:05

అందరూ ఏ, బీల చుట్టే తిరుగుతున్నారు. సీని కూడా సరిగా లెక్క కట్టాలి.

జేఆర్‌ఎఫ్ 2023 జనవరి 1 నుంచి నెలకు 37,000. రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) అయితే 42,000. మొత్తం ఐదేళ్లు: 8,88,000, దాని మీద 15,12,000. సరిగ్గా 24 లక్షలు. హాస్టల్ తీసుకోకపోతే హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం) అదనం. సోషల్ సైన్సెస్‌కు కంటింజెన్సీ (పరిశోధన చిల్లర ఖర్చులు) మొదటి రెండేళ్లు ఏడాదికి 10,000, తర్వాత 20,500. హైదరాబాద్‌లో ఒక్క మనిషికి ఇది బతకదగ్గ డబ్బే.

అయితే ఈ ఫెలోషిప్ తనంతట తాను ఖాతాలో పడదు. ప్రతి నెలా యూనివర్సిటీ సిబ్బంది పోర్టల్‌లో పేరు నిర్ధారించాలి, ఒకరు నమోదు చేస్తే ఇంకొకరు ఆమోదించాలి. ఒక నెల ఎవరైనా సెలవులో ఉంటే ఆ నెల జారిపోతుంది. చేరేముందు అక్కడి స్కాలర్లను "గత ఏడాది ఎన్ని నెలలు ఆలస్యమైంది" అని అడగడం మర్యాద తక్కువేమీ కాదు. జేఆర్‌ఎఫ్ నుంచి ఎస్‌ఆర్‌ఎఫ్‌కు మారేటప్పుడు బయటి నిపుణుడితో కమిటీ కూర్చోవాలి. రెండేళ్లు నిండిన రోజున తేదీ కోసం తిరగడం మొదలుపెడితే మూడు నాలుగు నెలలు పాత మొత్తమే వస్తుంది. ఇరవయ్యో నెలలోనే గైడ్‌కు గుర్తు చెయ్యాలి.

యూజీసీ 2022 నియమాల ప్రకారం కోర్సువర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు, రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండు. మహిళలకు అదనంగా మరో రెండు. కోర్సువర్క్ కనీసం 12 క్రెడిట్లు. ప్రొఫెసర్ కింద ఎనిమిది మంది, అసోసియేట్ కింద ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ కింద నలుగురు మించకూడదు. ఎక్కడ తేడా కొడుతుందంటే కోర్సువర్క్ దగ్గర. 12 క్రెడిట్లంటే ఒక్క సెమిస్టర్ సరుకు. అమెరికాలో రెండేళ్లు నేర్పే పద్ధతులు ఇక్కడ సొంతంగా నేర్చుకోవాలి. నేర్చుకున్నవాళ్లున్నారు, కానీ అది గైడ్ మీద, స్కాలర్ పట్టుదల మీద ఆధారపడిన విషయం.

ఇక పట్టా పేరు సంగతి. తెలంగాణకు తిరిగొచ్చి యూనివర్సిటీలో చేరాలన్నారు కదా. యూజీసీ 2018 నియమాల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు రెండు దారులు: సంబంధిత లేదా అనుబంధ సబ్జెక్టులో 55 శాతంతో పీజీ, దాంతో నెట్. లేదా క్యూఎస్, టీహెచ్‌ఈ, షాంఘై ర్యాంకింగుల్లో ఏదో ఒకదాంట్లో ఎప్పుడైనా మొదటి 500లో ఉన్న విదేశీ యూనివర్సిటీ పీహెచ్‌డీ. ఆమెకు ఎంఏ ఎకనామిక్స్, నెట్ రెండూ ఉన్నాయి గనుక పాలసీ పీహెచ్‌డీ చేసినా అర్హత పోదు. ఎంఏ వేరే సబ్జెక్టు అయినవాళ్లకే అసలు చిక్కు. కానీ ఇంటర్వ్యూ దాకా పోతారా లేదా అనేది తేలేది స్క్రీనింగ్‌లో. పీహెచ్‌డీ మార్కుల దగ్గర "పబ్లిక్ పాలసీ ఎకనామిక్స్‌కు అనుబంధమా కాదా" అని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు చూపించడానికి ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఎకనామిక్స్ కోడ్ ఉన్న కోర్సులు, కమిటీలో ఎకనామిక్స్ ప్రొఫెసర్ సంతకం ఉండాలి.

కరీంనగర్ కుర్రాడు | ఏప్రిల్ 3, సాయంత్రం 5:20

జేఆర్‌ఎఫ్ ఆపి పెట్టుకొని అమెరికా పోయి, కుదరకపోతే వచ్చి వాడుకోవచ్చా?

విద్యారణ్యపురి | ఏప్రిల్ 3, సాయంత్రం 6:00

అవార్డు లెటర్‌కు మూడేళ్ల గడువు. ఆ లోపల ఇక్కడ పీహెచ్‌డీలో చేరితేనే ఉపయోగం. సిద్ధాంతపరంగా ఏడాది అక్కడ చూసి రావచ్చు. ఫెలోషిప్ అట్లా మిగిలినా ఇక్కడి సీటు మిగలదు, అడ్మిషన్ మళ్లీ మొదటి నుంచి. అయితే నెట్ ఉత్తీర్ణత మాత్రం జీవితాంతం ఉంటుంది. ఈ రెండూ వేర్వేరు.

ఎనుమాముల డేటా | ఏప్రిల్ 4, ఉదయం 6:45

పత్తి ధరలు, రైతుకు నేరుగా డబ్బు. సరే, ఆ ప్రశ్న మీద ఏ చోట ఎవరు సాయం చేయగలరో చూసుకోవాలె. పట్టా పేరు కన్నా ఇది ముఖ్యమని నా లెక్క. ఉదాహరణకు చెప్త.

రైతుబంధు 2018 మేల హుజూరాబాద్ దగ్గర మొదలైంది. ఎకరానికి పంటకు 4,000. తర్వాత 5,000 అయింది, 2025 జనవరి 26 నుంచి రైతు భరోసా పేరుతోని 6,000. పీహెచ్‌డీ ప్రశ్న: ఈ డబ్బు వల్ల ఏం మారింది? చిక్కు ఏమిటంటే భూమి పట్టా ఉన్నోళ్లందరికీ ఇచ్చిండ్రు. ఎకరాలు పెరిగినకొద్దీ డబ్బు పెరుగుతది. అందుకే "ఈ గీత కింద ఉన్నోళ్లకు వచ్చింది, పైనోళ్లకు రాలే" అని పోల్చే వీలు లేదు. కౌలు రైతులకు రాలేదు నిజమే, కానీ వాళ్లు పట్టాదారుల కన్నా మొదటి నుంచే వేరు, పోల్చలేం.

రాష్ట్ర సరిహద్దు పట్టుకోవచ్చు. ఆదిలాబాద్‌లనూ పత్తే, దాటితే యవత్మాల్‌లనూ పత్తే, నేల కూడా అదే నల్లరేగడి. కానీ అటుపక్క 2017ల మహారాష్ట్ర రుణమాఫీ ప్రకటించింది. 2019 ఫిబ్రవరికి పీఎం-కిసాన్ దేశమంతా వచ్చింది. అంటే శుభ్రంగా దొరికేది 2018 వానకాలం, దాని తర్వాతి యాసంగిల కొంత భాగం, అంతే. అంత చిన్న కిటికీల నుంచి ఏం కనిపిస్తదో చెప్పగలిగేటోళ్లు పద్ధతులు తెలిసిన అడ్వైజరే.

డేటా కూడా అట్లనే. రైతు కుటుంబాల మీద ఎన్‌ఎస్‌ఎస్ (కేంద్రం చేసే జాతీయ నమూనా సర్వే) సర్వే 70వ రౌండు 2013ది, 77వ రౌండు 2019ది. మధ్యల 2016 అక్టోబర్ 11న పది జిల్లాలు ముప్పై ఒకటి అయినయి, 2019ల ముప్పై మూడు. ఒక్క పాత వరంగల్ జిల్లానే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ములుగు అని ముక్కలైంది. జిల్లా పేరుతోని రెండు రౌండ్లు కలిపితే 2013 వరంగల్, 2019 వరంగల్ వేర్వేరు భూములు. పాత జిల్లా హద్దులకు మండలాల వారీగా మళ్లీ కలుపుకోవాలె. 2016ల కొన్ని మండలాలు ఒక పాత జిల్లా నుంచి ఇంకో జిల్లాకు జరిగినయి, అది కూడా చూసుకోవాలె. ఇది ఆరు నెలల పని, ఇది తెల్వని అడ్వైజర్ "ఇంకా ఎంతసేపు" అంటడు.

ధరల డేటా ఇంకో తీరు. అగ్‌మార్క్‌నెట్‌ల (మార్కెట్ ధరల ప్రభుత్వ వెబ్‌సైట్) వరంగల్ మార్కెట్ పత్తికి కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ (ఎక్కువగ పలికిన) ధర ఉంటయి, మధ్యల రోజులు మాయమైతయి. యార్డు బందున్న రోజా, ఎంట్రీ మరిచిన రోజా తేడా తెల్వదు. సీసీఐ (కాటన్ కార్పొరేషన్) మద్దతు ధరకు కొంటున్న నెలలల్ల మంచి సరుకు అటు పోతది, యార్డుకు తేమ ఎక్కువున్న పత్తి వస్తది. ధర పడిందని రాస్తే తప్పు, సరుకు మారింది.

కనుక రెండుచోట్లా అడగాల్సింది: వ్యవసాయం లేకుంటే అభివృద్ధి ఆర్థికశాస్త్రం మీద పనిచేసే టెన్యూర్ (శాశ్వత కొలువు) ఉన్నోళ్లు ఎంతమంది? ఇద్దరు లేనిచోట ఈ అంశం పట్టుకొని పోవద్దు.

వేయిస్తంభాలు | ఏప్రిల్ 4, ఉదయం 9:10

పైన చెప్పినదాంట్లో "టెన్యూర్ ఉన్నోళ్లు" అన్న మాట చాలామంది చూడకుండా దాటేస్తారు. అసిస్టెంట్ ప్రొఫెసర్ ఎంత మంచివాడైనా ఆరో ఏడాదో ఏడో ఏడాదో టెన్యూర్ రాకపోతే వెళ్లిపోతాడు, వస్తే ఇంకా పెద్దచోటికి వెళ్లిపోవచ్చు. విద్యార్థి అక్కడే ఉంటుంది. అందుకే ముగ్గురు పేర్లు రాసుకుని, అందులో ఎవరైనా ఒకరిని కొట్టేసినా ప్రోగ్రాం నిలబడుతుందా అని చూడాలి.

అక్కడి మూడో, నాలుగో ఏడాది విద్యార్థులకు కూడా రాయండి. "అడ్వైజర్ డ్రాఫ్ట్ చదివి ఎన్ని రోజుల్లో ఇస్తారు", "మీ బ్యాచ్‌లో ఎంతమంది మిగిలారు". ఈ రెండింటికి వచ్చే జవాబు చాలు. పొగడ్తలు ఎటూ వస్తాయి.

హన్మకొండ లెక్చరర్ | ఏప్రిల్ 8, రాత్రి 8:30

అందరికీ ధన్యవాదాలు. ఆమె రెండుచోట్లకూ మెయిల్ పెట్టింది. జవాబులు:

ఏ: అభివృద్ధి ఆర్థికశాస్త్రంల టెన్యూర్ ఉన్నోళ్లు ముగ్గురు, అందుల ఇద్దరికి ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్‌ల కూడా స్థానం ఉన్నది. మైక్రో, ఎకనామెట్రిక్స్ అక్కడనే చదవొచ్చు, కానీ తప్పనిసరి కాదు. క్వాలిఫయింగ్ పరీక్ష మాత్రం పాలసీ స్కూలు పెట్టేదే. సీఐపీ కోడ్ స్టెమ్ కాదు.

బీ: కోడ్ 45.0603. గత ఏడాది 14 మంది చేరిన్రు, ప్రిలిమ్స్ దాటింది 9 మంది. సమ్మర్ డబ్బు దొరికింది ముగ్గురికి. వ్యవసాయం మీద పనిచేసేది ఒక్కరే, అసిస్టెంట్ ప్రొఫెసర్, వచ్చే ఏడాది టెన్యూర్ రివ్యూ. టీఏ చెయ్యాలంటే టోఫెల్ స్పీకింగ్‌ల 26 కావాలట, ఈమెకు 24 ఉన్నది.

ఐ20 అక్క | ఏప్రిల్ 8, రాత్రి 9:15

ఆ 24 చిన్న విషయం కాదు సార్. బీలో డబ్బంతా టీఏ మీదే ఉంది. స్పీకింగ్ స్కోరు లేకపోతే అక్కడికి వెళ్లాక క్యాంపస్‌లో పెట్టే మౌఖిక పరీక్ష పాసవ్వాలి, కొన్నిచోట్ల ఇంగ్లిష్ క్లాసు కూడా తీసుకోవాలి. అది కాకముందే మొదటి సెమిస్టర్ టీఏ ఎలా ఇస్తారు? "పరీక్ష తప్పితే మొదటి ఏడాది స్టైపెండ్ ఏమవుతుంది" అని రాతలో తెప్పించుకోకుండా బీకి ఒప్పుకోవద్దు.

మాట్రిక్స్ మల్లన్న | ఏప్రిల్ 8, రాత్రి 9:40

14ల 9 అంటే ముగ్గురిల ఒకరు ఇంటికి. 20 గంటల టీఏ చేసుకుంట, సమ్మర్‌ల జీతం లేక, ఉన్న ఒక్క అడ్వైజర్ ఉంటడో పోతడో తెల్వక. నేనైతే పట్టా పేరు కోసం ఇంత బరువు ఎత్తుకొమ్మని చెప్పను.

కానీ ‘ఏ’ తీసుకుంటే ఒక్క షరతు. "తప్పనిసరి కాదు" అన్న కోర్సులను ఈమె తనకు తాను తప్పనిసరి చేసుకోవాలె. మైక్రో రెండు సెమిస్టర్లు, ఎకనామెట్రిక్స్ రెండు. మొదటి ఏడాది పని లేదు కాబట్టి టైమున్నది. అక్కడి ఎకనామిక్స్ విద్యార్థుల స్టడీ గ్రూపులనే కూసోవాలె. పాలసీ క్లాసుల మంచి గ్రేడు వస్తున్నదని అది ఇడిచిపెడితే నాలుగో ఏడాది లేఖలు రాసేటోళ్లు ఉండరు.

వేయిస్తంభాలు | ఏప్రిల్ 9, ఉదయం 8:00

నేను ఎకనామిక్స్ వైపు మాట్లాడినవాణ్ణే, ఈ జవాబులు చూశాక ‘ఏ’ వైపే వస్తాను. ఆ ఇద్దరు ఉమ్మడి ప్రొఫెసర్ల వల్ల. వాళ్లే లేకపోతే నా మాట మారేది. స్టెమ్ కోడ్ లేకపోవడం నష్టమే, కానీ తిరిగి వచ్చే ఆలోచన ఉన్నవాళ్లకు అది రెండో మాట. ఇంకొకటి, 2025 ఆగస్టులో అమెరికా ఎఫ్-1 విద్యార్థులను ఒకేసారి నాలుగేళ్లకు మించి అనుమతించకూడదని ఒక నియమం ప్రతిపాదించింది. పీహెచ్‌డీకి ఐదారేళ్లు. ఎక్కడ చేరినా పొడిగింపు దరఖాస్తు విషయంలో వాళ్ల ఇంటర్నేషనల్ ఆఫీసు ఏం చెబుతుందో అడిగి ఉంచుకోండి.

విద్యారణ్యపురి | ఏప్రిల్ 9, ఉదయం 10:20

నేను సీని కొట్టెయ్యమనను. ఎనుమాముల గారు చెప్పిన పని చేసిపెట్టగల గైడ్ హైదరాబాద్‌లో దొరికితే, పొలం దగ్గర ఉండి చేసే పరిశోధనకు అదో పెద్ద లాభం. అమెరికా నుంచి ఫీల్డ్ సర్వే అంటే ముందు ఐఆర్‌బీ (మనుషుల మీద పరిశోధనను పరిశీలించే కమిటీ) అనుమతి, ప్రయాణ ఖర్చుకు గ్రాంటు, అన్నీ కలిపి ఒక వానకాలం పోతుంది. ఆ గైడ్ కింద ఖాళీ ఉందా, పైన చెప్పిన పరిమితి నిండిందా కనుక్కున్నారా?

హన్మకొండ లెక్చరర్ | ఏప్రిల్ 9, మధ్యాహ్నం 1:45

కనుక్కున్నం మేడమ్. ఆమె కోరుకున్న సార్ కింద ఖాళీ లేదు, వేరే అంశం మీద పనిచేసేటోళ్ల కింద ఇస్తమన్నరు. ఇంక ఆమె ‘ఏ’ దిక్కే చూస్తున్నది. పన్ను, అద్దె లెక్క కాగితం మీద రాసి ఇంట్ల వాళ్లకు చూపిస్తే వాళ్లే ఆశ్చర్యపోయిన్రు. "అయితే బీకే పోరాదు, ఖర్చు తక్కువ ఊరు" అన్నరు! మళ్ల ప్రిలిమ్స్, స్పీకింగ్ అన్నీ చెప్పాల్సొచ్చింది.

‘ఏ’ వాళ్లను స్టైపెండ్ పెంచుమని అడగొచ్చా? బీకి ఎప్పుడు చెప్పాలె?

ఐ20 అక్క | ఏప్రిల్ 9, మధ్యాహ్నం 2:30

అడగొచ్చు, మర్యాదగా, ఒకేసారి. ఉన్న 36 వేలను పెంచమంటే కష్టం, వాళ్ల విద్యార్థులందరికీ ఒకటే రేటు ఉంటుంది. ఒక్కసారి ఇచ్చే ప్రయాణ భత్యం లేదా మొదటి నెల అడ్వాన్సు అడగండి, అది ఇచ్చే అవకాశం ఎక్కువ. ఎందుకంటే ఆగస్టులో దిగితే మొదటి జీతం సెప్టెంబర్ చివర్లోనే. సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు) ఫీజు 350, వీసా ఫీజు 185, విమానం టికెట్, అద్దె డిపాజిట్, మొదటి నెల అద్దె, మంచం, పరుపు కలిపితే నాలుగైదు వేల డాలర్లు చేతిలో ఉండాలి.

ఏప్రిల్ 15 అనేది అమెరికా గ్రాడ్యుయేట్ స్కూళ్ల కౌన్సిల్ ఒప్పందం. సంతకం చేసిన యూనివర్సిటీలు ఫండింగ్‌తో ఇచ్చిన ఆఫర్‌కు ఆలోపు జవాబు కోసం ఒత్తిడి చెయ్యకూడదు. ‘ఏ’ యూనివర్సిటీ ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. అమెరికాలో 15 సాయంత్రం అంటే మనకు 16 తెల్లవారుజాము, అయినా ఆఖరి గంట దాకా ఆగొద్దు. ‘ఏ’ వాళ్ల పోర్టల్‌లో ఒప్పుకున్నట్టు రశీదు మెయిల్ వచ్చాకే బీకి కాదని చెప్పండి, కానీ అదే రోజు చెప్పండి. అక్కడ వెయిటింగ్ లిస్టులో ఎవరో ఆ వారమంతా మెయిల్ తెరిచి చూస్తూ ఉంటారు.

విద్యారణ్యపురి | ఏప్రిల్ 9, సాయంత్రం 4:10

ఇంకో పని ఇప్పుడే మొదలుపెట్టాలి. ఎంఏకు ఆమె దగ్గర ప్రొవిజనల్, సీఎంఎం (మార్కులన్నీ కలిపిన మెమో) ఉంటాయి, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) తీసుకుందా? చేరాక మొదటి సెమిస్టర్ రిజిస్ట్రేషన్‌కు ముందు తుది పట్టా, సీల్డ్ కవర్‌లో ట్రాన్స్‌క్రిప్టులు అడుగుతారు. ఓడీకి, ట్రాన్స్‌క్రిప్టుకు వేర్వేరు దరఖాస్తులు. ట్రాన్స్‌క్రిప్టు సెట్లు మూడు తీసుకోండి, ఒకటి తెరవకుండా దాచాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు, మెమోలో ఇనీషియల్ తేడా ఉంటే అది ఐ-20 రాకముందే సరిచేసుకోవాలి. ఐ-20 మీద పాస్‌పోర్టులో ఉన్న పేరే పడుతుంది.

ఐ20 అక్క | ఏప్రిల్ 9, సాయంత్రం 4:35

ఐ-20 చేతికి రాగానే సెవిస్ ఫీజు, డీఎస్-160 (ఆన్‌లైన్ వీసా దరఖాస్తు), ఆ తర్వాత నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ స్లాటు, ఈ వరుసలో. 2025 జూన్ నుంచి సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌గా పెట్టమంటున్నారు, గత ఐదేళ్లలో వాడిన అన్ని ఖాతాల పేర్లూ డీఎస్-160లో రాయాలి. ఇంటర్వ్యూలో "ఎకనామిక్స్ చదివి పబ్లిక్ పాలసీ ఎందుకు" అని అడిగితే రెండు వాక్యాల జవాబు సిద్ధంగా ఉండాలి. పత్తి ధరల మీద పని, అక్కడి ఫలానా ఇద్దరు ప్రొఫెసర్లు. అంతే, రైతుబంధు సరిహద్దు పోలిక దాకా పోవద్దని చెప్పండి.

హన్మకొండ లెక్చరర్ | ఏప్రిల్ 11, రాత్రి 10:05

ఏకు ఒప్పుకున్నది, రశీదు వచ్చింది. బీకి, హైదరాబాద్‌కు ఈ పొద్దే మెయిల్ పెట్టింది. ప్రయాణానికి ఒకసారి 1,500 డాలర్లు ఇస్తమన్నరు ఏ వాళ్లు. ఓడీ తీసుకోలేదట, సోమవారం విద్యారణ్యపురిల ఉన్న కాకతీయ యూనివర్సిటీకి పోతం. మల్లన్నా, ఆ పదహారు వారాల లెక్కల వారం తీరు పట్టిక ఉంటే ఇక్కడ పెట్టు, రేపటి నుంచే మొదలుపెడతదట.